నీళ్ళలో పడిన మూడు తూటాలు

తాడేపల్లిగూడెం,
12-6-2024.

ఎలీషాకు,

కృష్ణమోహన్ రాస్తున్నాను. ఫోను చేద్దామనుకున్నాను. నీ చెవులు రెండూ పూర్తిగా పోయాయని, ఏదైనా ఉంటే కాగితం మీద రాసి చూపిస్తున్నామని మీ షాపువాళ్ళు చెప్పారు. ఏలూరులో ఉన్న తుపాకులన్నీ బాగుచేసినవాడివి, పేల్చి చూసేటప్పుడు చెవుల్లో ఇంత దూది పెట్టుకోవాలని తోచలేదా?

నాన్నగారి పెద్దకర్మకు వచ్చావని, పెరట్లో కూర్చుని భోజనం చేసి, నాకు కనిపించకుండానే వెళ్ళిపోయావని మా ఆవిడ రత్నాంబ చెప్పింది. సరే. ఎవరి పద్ధతి వాళ్ళది.

ఆయన పోగానే రెండు రైఫిళ్ళూ మీ షాపులో డిపాజిట్ చేశాం. ఎన్నికలు అయ్యేదాకా ఎవరి తుపాకీ తిరిగివ్వలేదు. ఇప్పుడు వారసుడిగా నా పేరు మీదికి మార్చుకోమంటే కలెక్టరేటుకి వెళ్ళాను. మనిషికి రెండు తుపాకులకు మించి ఉండకూడదట. పెంటపాడు మిల్లు కాపలాకి తీసుకున్న డబుల్ బ్యారెల్ నా పేరున ముందే ఉంది. దాన్ని వదలడానికి లేదు. కాబట్టి నాన్నగారి రెండింటిలో ఒకటే ఉంచుకోవాలి. రెండోది లైసెన్సులో ఖాళీ ఉన్నవాళ్ళెవరికైనా ఇవ్వాలి, లేదా ప్రభుత్వానికి అప్పగించాలి.

నల్లదా, ఎర్రదా? తాతగారు మద్రాసులో కొన్న విదేశీ రైఫిలు నల్ల కర్రది, ఆ తర్వాత నాన్నగారు కొన్న మన ప్రభుత్వ ఫ్యాక్టరీ రైఫిలు ఎర్ర కర్రది. రెండూ బోల్టు వెనక్కి లాగి తూటా ఎక్కించేవే. నాకు తెలిసిందల్లా అంతే. మా ఇంట్లో ఆ రెండింటి సంగతీ నాకంటే నీకే బాగా తెలుసు. ఆ మాట నాన్నగారు ఎవరు వింటున్నా సరే అంటూనే ఉండేవారు.

ఏది ఉంచుకోమంటావో రాయి. దాపరికం లేకుండా రాయి.

కృష్ణమోహన్


ఏలూరు,
21-6-2024.

మోహన్ బాబుగారికి ఎలీషా నమస్కారాలు.

మీ ఉత్తరం అందింది. రెండు రైఫిళ్ళూ బీరువాలోంచి తీసి, తుడిచి, వెలుతురులో పెట్టి చూశాను. చూసింది చూసినట్టు రాస్తున్నాను.

ఎర్రది. గొట్టం లోపల చారలు కొంచెం అరిగాయి, పాడవలేదు. బోల్టు గట్టిగా తిరుగుతుంది, నూనె పెడితే సర్దుకుంటుంది. కర్ర మీద, భుజానికి ఆనే మడమ దగ్గర సన్నని చీలిక ఉంది. నేనే జిగురు పెట్టాను, ఇరవై ఏళ్ళయింది, పట్టుకునే ఉంది. తూటాలు దొరుకుతాయి. ముక్క పోతే ముక్క దొరుకుతుంది. మోటు తుపాకి, కానీ మాట వింటుంది.

నల్లది. దీని బోల్టు రెండు వేళ్ళతో తిప్పవచ్చు. తలుపు గడియ తీసినట్టు కూడా ఉండదు, ఇంకా మెత్తగా ఉంటుంది. గొట్టం అద్దం. అయితే దీని తూటాలు విదేశాల నుంచి రావాలి, దొరకడం కష్టం. ఏదైనా విరిగితే ముక్క లేదు. బరువు కూడా ఎక్కువ. తుపాకి వాడని మనిషి దగ్గర ఇలాంటిది ఉంటే తుప్పు పడుతుంది.

అన్నీ చూస్తే మీరు ఎర్రది ఉంచుకోవడం మంచిదని నాకు తోచింది.

ఉంటాను.

ఎలీషా

మరొక మాట. నా లైసెన్సు మీద ఒక్కటే తుపాకి ఉంది. నల్లది ఎవరికి ఇవ్వాలా అని మీకు ఇబ్బంది అయితే, ఇంకొకదానికి ఖాళీ ఉంది.


తాడేపల్లిగూడెం,
2-7-2024.

ఎలీషాకు,

నీ ఉత్తరం చదివాను. ఆ చివరి మాట చదివాక పైన రాసిందంతా మళ్ళీ మొదటి నుంచి చదివాను. ఎర్రదానికి పది తప్పులు రాసి అదే ఉంచుకోమన్నావు. నల్లదాన్ని గురించి రాస్తూ పెళ్ళికూతుర్ని వర్ణించినట్టు వర్ణించి, వద్దన్నావు. ఉల్లిపాయల మార్కెట్టు ఉన్న ఊళ్ళో పుట్టి పెరిగినవాణ్ణి, బేరం ఎలా ఉంటుందో నాకు తెలియదటయ్యా?

అయినా నాకు కోపం రాలేదు. నల్లదంటే నాకు మొదటి నుంచీ పడదు. ఎందుకో నీకు తెలుసు. నువ్వు మర్చిపోయి ఉండవచ్చు. గెలిచినవాళ్ళకి అంతగా గుర్తుండదు.

డెబ్బై తొమ్మిది విజయదశమి. నాన్నగారు తుపాకులకు పసుపు కుంకుమ పెట్టి పూజ చేసి, ఏటా చేసినట్టే అందర్నీ గుడివాకలంక దగ్గర కొల్లేటి గట్టుకి తీసుకెళ్ళారు. నీళ్ళ అవతల దిబ్బ మీద కర్ర పాతి, కర్ర మీద కొత్త కుండ బోర్లించారు. ఎవరు కుండ కొడితే వాళ్ళు ఆ ఏడాది నాన్నగారి పక్కన నల్లది మోసుకు తిరగాలి. మెట్టవాళ్ళు చేలల్లో అడవి పందులు పడ్డాయని కబురు పెడితే ఆయనతో జీపులో వెళ్ళాలి. నాకు ఇరవై ఒకటి. నీకూ అంతే. నాకు నల్లది ఇచ్చారు, నీకు ఎర్రది ఇచ్చారు. ఒక్కొక్కరికి మూడు తూటాలు.

నేను మూడూ కొట్టాను. కుండ అలాగే ఉంది. నువ్వు కుండ దగ్గర దిబ్బ చాటున కూర్చుని ఉన్నావు, ఎక్కడ పడ్డాయో చూసి చెప్పడానికి. నాన్నగారు "ఎక్కడరా?" అని కేక వేశారు. "మూడూ నీళ్ళలో పడ్డాయండీ!" అని నువ్వు అరిచావు. గట్టు మీద యాభై మంది ఉన్నారు. మా మేనమామ ఏడుకొండలు "చేపలు పట్టాడ్రా అల్లుడు" అన్నాడు. అందరూ నవ్వారు. నాన్నగారు కూడా నవ్వారు. తర్వాత నువ్వు ఇవతలికి వచ్చి ఎర్రదానితో కుండ పగలగొట్టావు.

ఆ రోజు నుంచి నేను తుపాకి ముట్టుకోలేదు. ఆ రోజు నుంచి ఆయన జీపులో ముందు సీటు నీది.

ఇంకొకటి చెబుతాను. ఎవరికీ చెప్పలేదు, రత్నాంబకి కూడా. చివరి నాలుగు నెలలు నాన్నగారికి మతి నిలవలేదు. అన్నం నేనే తినిపించేవాణ్ణి. స్నానం నేనే చేయించేవాణ్ణి. నా ముఖంలోకి చూసి "ఎలీషా, తుపాకి తుడిచావా?" అనేవారు. మొదట "నేను మోహన్ని నాన్నగారూ" అనేవాణ్ణి. ఆయన ముఖం చిన్నబోయేది. తర్వాత తర్వాత "తుడిచానండి" అనడం నేర్చుకున్నాను. అప్పుడు హాయిగా పడుకునేవారు.

నల్లది నువ్వే తీసుకో. కాగితాలు పెట్టుకో. మా అమ్మాయి మేఘన కూతురు హరిణి ఒక్కసారి ఆ రెండూ చూడాలంటోంది. కాలేజీలో ఎన్.సి.సి.లో ఉంది, ఇరవై రెండు బోరు రైఫిలు పేలుస్తుంది. శనివారం వస్తుంది, చూపించు.

కృష్ణమోహన్


ఏలూరు,
15-7-2024.

మోహన్ బాబుగారికి నమస్కారాలు.

హరిణిగారు శనివారం వచ్చారు. నాకు వినపడదని ఎవరూ చెప్పకుండానే తెలుసుకుని, సంచిలోంచి నోటుబుక్కు తీసి రాసి అడిగారు. ఇంత ఓపిక ఉన్న పిల్లని చూడలేదు. ఖాళీ రైఫిలు చేతికి ఇస్తే ముందు బోల్టు తెరిచి గొట్టం గదిలో తూటా లేదని చూసుకున్నారు. తర్వాత భుజానికి ఆనించారు. చెంప ఎక్కడ పెట్టాలో అక్కడే పెట్టారు. ఆ చెంప పెట్టడం మీదే. మీ నాన్నగారికి కూడా అలా కుదిరేది కాదు, ఆయన కొంచెం తల ఎత్తేవారు.

ఫోనుతో ఫొటోలు తీసుకున్నారు. తీసుకోనిచ్చాను.

పెద్దయ్యగారి సంగతి మీరు రాసినది చదివాను. రెండుసార్లు చదివాను.

నల్లదానికి కాగితాలు పెట్టాను. మీ సంతకం ఒకటి కావాలి. తొందర లేదు.

ఎలీషా


తాడేపల్లిగూడెం,
18-9-2024.

ఎలీషాకు,

వర్షాలకి కొల్లేరు పొంగి కైకలూరు రోడ్డు మునిగిందని పేపర్లో చూశాను. మీ పేటలోకి నీళ్ళు రాలేదనుకుంటాను. నీ కాగితం మీద సంతకం పెడదామని పోయిన నెలే కలం తీశాను. ఇంతలో వేరే పని వచ్చింది. ఇప్పుడు పెట్టబోవడం లేదు.

ఎందుకో చెబుతాను. నిన్న హరిణి ఫోనులో ఫొటో పెద్దది చేసి చూపించింది. నల్లదాని గొట్టం చివర, గురి చూసే ముందు సైటు.

"తాతయ్యా, దీన్ని ఎవరో కొట్టారు" అంది.

"డెబ్బై ఏళ్ళ తుపాకి, ఎక్కడో తగిలి ఉంటుందిలే" అన్నాను.

"తగలడం కాదు. చూడండి. ఎడమపక్క ఒక నొక్కు, కుడిపక్క ఒక నొక్కు. రెండూ ఒకే సైజు. ఎవరో పనిముట్టు పెట్టి కుడికి జరిపారు. మళ్ళీ ఇటు కొట్టి వెనక్కి తెచ్చారు."

"జరిపితే ఏమవుతుందే?"

"ఇది కుడికి జరిగితే తూటా ఎడమకి పోతుంది. క్యాంపులో మొదటి రోజే చెబుతారు. వడ్లగింజంత జరిగితే చాలు, దూరం వెళ్ళేసరికి జానెడు అవుతుంది. ఎంత బాగా గురిపెట్టినా అంతే."

నేను లేచి వెళ్ళి మంచినీళ్ళు తాగి వచ్చాను.

నీకు తెలియకుండా ఆ తుపాకి మీద ఈగ వాలదు. పన్నెండో ఏట నుంచి తుడుస్తున్నావు. నీకు రోజూ చేసిన పని చిట్టాలో రాసే అలవాటు ఉంది. ఏ తేదీన ఏ తుపాకికి ఏం చేశావో చూసి చెప్పగలవు. ఎవరు కొట్టారు? ఎప్పుడు కొట్టారు?

కృష్ణమోహన్


ఏలూరు,
12-10-2024. విజయదశమి.

మోహన్ బాబుగారికి,

మీ ఉత్తరం వచ్చి మూడు వారాలు దాటింది. జవాబు నాలుగుసార్లు రాసి చించాను. ఈ రోజు దాటితే ఇక రాయలేనని కూర్చున్నాను.

కొట్టింది నేనే. రెండుసార్లూ నేనే.

చిట్టా చూడమన్నారు. చూశాను. డెబ్బై తొమ్మిది పండగ ముందు రోజు తేదీ కింద "ఈ రోజు పని లేదు" అని ఉంది. ఇన్నేళ్ళలో నా చిట్టాలో నేను రాసిన అబద్ధం అదొక్కటే. అబద్ధమని తెలిసి కూడా ఆ పేజీ చించలేదు.

ఎలా జరిగిందో రాస్తాను. ఎక్కువ రాయడం నాకు చేతకాదు, ఓపిక పట్టండి.

నల్లదాన్ని పన్నెండో ఏట నుంచి నేను తుడిచాను. చలికాలం గొట్టం ఎంత చల్లగా ఉంటుందో, ఏ మర ఎన్ని చుట్లు తిరుగుతుందో నాకు తెలుసు. దానితో ఒక్క తూటా పేల్చనివ్వమని ఎప్పుడూ అడగలేదు. మా నాన్న జాకబ్ మీ దోనె తోలేవాడు, అడగకూడదని చిన్నప్పుడే చెప్పాడు. మీకు గుర్తుందో లేదో, పద్నాలుగేళ్ళు వచ్చేదాకా మనం ఒరేయ్ అంటే ఒరేయ్ అనుకునేవాళ్ళం. ఒకరోజు మా నాన్న అందరి ముందు నా చెంప పగలగొట్టి, ఇవాళ్టి నుంచి బాబుగారు అనాలన్నాడు. అన్నాను. మీరు వద్దనలేదు.

ముందు రోజు మధ్యాహ్నం పెద్దయ్యగారు వచ్చి, "రేపు మోహన్ చేతికి నల్లది ఇస్తాను, బాగా తుడిచిపెట్టు" అన్నారు. మీరు పక్కనే ఉన్నారు. "అది బరువు నాన్నగారూ, నాకు ఎర్రదే చాలు" అన్నారు. నేను తొమ్మిదేళ్ళుగా కలలో పట్టుకున్నదాన్ని మీరు బరువన్నారు. మీరు వెళ్ళాక ఇత్తడి ఊచ పెట్టి, చిన్న సుత్తితో ఒక్క దెబ్బ వేశాను. వడ్లగింజ మందం కూడా జరగలేదు. పండగ సాయంత్రం అటు నుంచి ఇంకొక దెబ్బ వేసి సరిచేశాను.

ఇంతవరకూ హరిణిగారు కనిపెట్టిందే. ఆవిడకి తెలియనిది ఇంకొకటి ఉంది. అసలు తప్పు అదే.

కుండ వెనకాల ఒక పడవ చెక్క నిలబెట్టాం, గుర్తుందా? తూటాలు దిబ్బ దాటి అవతల గేదెల మీదికి పోకుండా మా నాన్న పెట్టాడు. వెడల్పు చెక్క. మీరు పేల్చిన మూడూ నీళ్ళలో పడలేదు. ఆ చెక్కకి తగిలాయి. కుండకి జానెడు ఎడమగా, మూడూ ఒకే చోట. టీ గ్లాసు బోర్లిస్తే మూడు రంధ్రాలూ లోపలే ఉంటాయి. ఎనభై గజాల దూరంలో, ఎప్పుడూ పేల్చని తుపాకితో. అలాంటి గురి నేను అంతకుముందు చూడలేదు. ఆ తర్వాత ఇంతమంది తుపాకులు పట్టుకుని వచ్చారు, పోలీసులతో సహా, వాళ్ళలోనూ చూడలేదు.

పెద్దయ్యగారు "ఎక్కడరా?" అన్నప్పుడు నేను ఆ చెక్కకి మూరెడు దూరంలో ఉన్నాను. మూడూ ఎడమకే, మూడూ ఒక్కచోటే పడ్డాయండీ అంటే చాలు, ఆయనకి అర్థమయ్యేది. తప్పు మోహన్ది కాదు, సైటుది అనేవారు. నేను నీళ్ళలో పడ్డాయని అరిచాను.

నా మూడింటి సంగతి కూడా రాస్తాను. ఎర్రది తిన్నగా ఉంది. మొదటి రెండూ తప్పాయి, మూడోది కుండ అంచుకి తగిలింది. కుండ కాబట్టి అంచుకి తగిలినా మొత్తం పగిలింది. నీళ్ళలో పడ్డ తూటాలు రెండే. ఆ రెండూ నావి.

చెక్కని బోర్లా తిప్పి దోనెలో వేసుకుని ఇంటికి తెచ్చాను. కాల్చేద్దామనుకున్నాను. కాల్చలేదు. నాలుగు కాళ్ళు బిగించి పనిబల్ల చేసుకున్నాను. మీ సంతకం కాగితం పంపింది కూడా దాని మీద పెట్టి రాసే.

జూన్లో మీరు ఏది ఉంచుకోవాలని అడిగినప్పుడు కూడా నేను నిజం రాయలేదు. మీరు ఉంచుకోవలసింది నల్లది. ఆ తుపాకికి మీ అంత సరిపోయిన మనిషి లేడు. నాకు ఆ సంగతి మొదటి నుంచీ తెలుసు, అందుకే నాకు కావలసి వచ్చింది.

ఎలీషా


తాడేపల్లిగూడెం,
19-10-2024.

ఎలీషా,

చెక్క పంపు.

కృష్ణమోహన్


ఏలూరు,
26-10-2024.

మోహన్ బాబుగారికి,

దెందులూరు నుంచి మీ మిల్లుకి వచ్చే ధాన్యం లారీలో వేశాను. డ్రైవరు ఎడ్విన్ నాకు తెలిసినవాడు, మీ ఇంటి దగ్గర దించుతానన్నాడు. నూనె మరకలు చాలా ఉన్నాయి, లోపలికి తీసుకెళ్ళే ముందు కింద గోనెపట్టా వేయించండి. మీరు చూడవలసింది ఎడమ చివర. రంధ్రాల కింద మూడు చిన్న రేకు ముక్కలు కొట్టి ఉంటాయి. అవి నేను కొట్టినవి. మరలు విప్పినప్పుడు దొర్లిపోకుండా ఆ రంధ్రాల్లో వేసుకునేవాణ్ణి. రేకులు ఊడదీసి పంపుదామనుకున్నాను. దాచినట్టు ఉంటుందని అలాగే ఉంచాను.

ఎలీషా


తాడేపల్లిగూడెం,
20-11-2024.

ఎలీషా,

చెక్క వచ్చి పాతిక రోజులయింది. మొదటి రోజు పెరట్లోనే ఉంచాను. రెండో రోజు టీ తాగి, ఆ గ్లాసు తీసుకెళ్ళి బోర్లించాను. మూడూ లోపలే ఉన్నాయి. గ్లాసు కొంచెం అటూ ఇటూ జరపడానికి చోటు కూడా ఉంది. రత్నాంబ కిటికీలోంచి చూసి, "పెరట్లో ఆ చెక్కతో ఏం చేస్తున్నారండీ?" అంది. కిటికీలోంచే ఖాళీ గ్లాసు చేతికిచ్చాను.

తర్వాత నిన్ను తిట్టడానికి ఉత్తరం మొదలుపెట్టాను. చాలా బాగా వచ్చింది, నాలుగు పేజీలు. పంపడం లేదు. కానీ ఒక్క మాట మాత్రం అందులోంచి తీసి రాస్తున్నాను. నువ్వు ఇది నాన్నగారికి మతి ఉన్నప్పుడు రాసి ఉంటే, ఆ చెక్క ఆయన మంచం పక్కన పెట్టి, ఆయన వేలు పట్టుకుని ఒక్కొక్క రంధ్రంలో పెట్టించేవాణ్ణి. మిగతావన్నీ పోనీ అనుకోగలను. ఇది అనుకోలేను. అనుకోమని అడగకు.

నేను వద్దనలేదన్నావు, బాబుగారు అన్న రోజున. నిజమే. నాకు బాగుంది అలా పిలిపించుకోవడం. పద్నాలుగేళ్ళవాడికి ఎందుకు బాగుండదు? నాన్నగారి పక్కన నువ్వు ఎంత ఎత్తుకి వెళ్ళినా ఆ ఒక్క మాటతో కిందికి దిగేవాడివి. ఇప్పుడు ఆలోచిస్తే నవ్వు వస్తోంది. నువ్వు నా ఇంటిని చూసి కుళ్ళుకున్నావు, నేను నీ జీపు సీటు చూసి కుళ్ళుకున్నాను. మధ్యలో ఆ ముసలాయన ఇద్దరికీ దక్కకుండా వెళ్ళిపోయాడు.

ఇక తుపాకుల సంగతి.

నల్లది నేనే ఉంచుకుంటున్నాను. కాగితాలు మార్చాను. వచ్చే నెల పోలీసు రేంజిలో పేల్చడానికి అనుమతి అడిగాను. హరిణి దగ్గరుండి నేర్పుతానంది. "చెంప పెట్టడం మళ్ళీ నేర్పక్కర్లేదులే తాతయ్యా, అది మీకు వచ్చని ఏలూరు తాత రాశారుగా" అంది. నీ ఉత్తరాలు చదివిందన్నమాట.

ఎర్రది నీకు. నీ లైసెన్సులో ఖాళీ ఉందన్నావుగా. నీకు కావలసింది అది కాదని నాకు తెలుసు. తెలిసే ఇస్తున్నాను. దానితోనేగా కుండ కొట్టావు, అది నీ దగ్గరే ఉండాలి.

చెక్క తిరిగి పంపను. హాల్లో నాన్నగారి ఫొటో కింద నిలబెట్టించాను. వచ్చినవాళ్ళు ఏమిటని అడుగుతున్నారు. "నీళ్ళలో పడ్డ తూటాలు" అంటున్నాను.

నీ పని ఆగకూడదు కాబట్టి మిల్లు పాత గోదాము తలుపు తీయించి, అదే పొడవు, అదే వెడల్పు కోయించాను. టేకు. శుక్రవారం లారీలో వస్తుంది. మా నల్లది ఏటా సర్వీసుకి నీ దగ్గరికే రావాలి, ఇంకెవరూ దాని ముందు సైటు ముట్టుకోకూడదు. ముట్టుకుంటే హరిణి ఫొటో తీస్తుంది.

ఇంకొకటి. ఆ బాబుగారు, ఆ మీరు ఇక వద్దు. తిడదామని కూర్చుంటే, నన్ను బాబుగారు అనేవాణ్ణి తిట్టడం కుదరడం లేదు.

మోహన్


ఏలూరు,
6-12-2024.

మోహన్,

ఈ ఒక్క మాట రాయడానికి నాకు అరగంట పట్టింది. నలిగిపోయిందని కాగితం మార్చాను.

టేకు చెక్క వచ్చింది. కాళ్ళు బిగించాను. తుపాకి ముక్కల్ని బిగించి పట్టే వైసుని పాత చోటే పెట్టాను, కొలత సరిగ్గా కుదిరింది. ఎర్రది కాగితాలు కూడా వచ్చాయి. కొత్త బల్ల మీద మొదట దాన్నే పెట్టి విప్పాను. దాని ముందు సైటు భూతద్దంతో చూశాను. ఏ పక్కా ఒక్క నొక్కు లేదు. ఫ్యాక్టరీలో పెట్టింది పెట్టినట్టు ఉంది. ఇంత తిన్నని తుపాకితో రెండు ఎలా తప్పానో తెలుసుకోవడానికి చాలాసేపు దాన్ని అలా పట్టుకుని కూర్చున్నాను. నువ్వు తెలిసే ఇచ్చానన్నావు. నాకు ఇప్పుడు తెలిసింది.

తిట్టిన నాలుగు పేజీలు కూడా పంపు. అవి నావి.

పెద్దయ్యగారు "తుడిచావా" అని అడిగినప్పుడు నా పేరుతో నువ్వు "తుడిచానండి" అన్నావు. ఆ మాట నేను జులై నుంచి మోస్తున్నాను. చదివిన రోజు సంతోషపడ్డాను. చివరిదాకా నన్నే పిలిచారని. ఆ సంతోషం కూడా నీకు చెప్పాలి, దాచిపెడితే ఇంకొక చెక్క అవుతుంది. తర్వాత అర్థమయింది, నన్ను పిలిచినప్పుడల్లా పలికింది నువ్వు. ఆ నాలుగు నెలలూ ఆయన పక్కన ఉన్నది నువ్వు. దానికి ఇప్పుడు కుళ్ళుకుంటున్నాను. ఈ వయసులో కూడా పోలేదు.

నల్లదాన్ని రేంజికి తీసుకెళ్ళే ముందు ఒక్కసారి తీసుకురా. సైటు నీ కళ్ళ ముందే చూస్తాను. హరిణిగారిని కూడా తీసుకురా. నువ్వు పేల్చే రోజు నన్ను పిలిచినా పిలవకపోయినా ఫరవాలేదు. నాకు వినపడదు. కానీ కాగితం మీద పడ్డ రంధ్రాలు ఎక్కడున్నాయో ఈసారి నేను సరిగ్గా చెబుతాను.

కొత్త బల్ల బాగుంది. నున్నగా ఉంది. నిన్న ఎర్రదాని మర విప్పి, అలవాటుకొద్దీ చూడకుండా ఎడమ చివరికి చెయ్యి చాచి వదిలాను. అక్కడ ఏమీ లేదు. మర దొర్లి కింద పడింది. దీపం పెట్టి చాలాసేపు వెతికాను.

ఎలీషా